గడి తలుపు మీది నలుపు

జనగామ కొత్తగా జిల్లా అయిన రోజుల్లో, పురాతన కట్టడాల సంరక్షణ శాఖలో సీనియర్ రసాయన సహాయకుడిగా ఉన్న నన్ను దేవరుప్పుల వైపు ఒక ఊరి గడికి పంపారు. గడి అంటే పాత దొరల కోటలాంటి ఇల్లు. వారసుడు నర్సింగరావు గారు దాన్ని ఊరి గ్రంథాలయానికి ఇచ్చేశారు. రాతి గోడలు, టేకు సింహద్వారం శుభ్రం చేయడం నా పని.

రాయితో పేచీ లేదు. మెత్తని కుంచె, మంచినీళ్లు, ఓపిక చాలు. కర్ర అలా కాదు, నీళ్లు తాగి ఉబ్బుతుంది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్ కలిపిన ద్రావణంలో తడిపి, రుద్దకుండా దొర్లించాలి. అదీ ముందు ఒక మూల అరచేయంత మేర చేసి చూశాకే.

తలుపు నిండా కారునలుపు. దీపాల మసి, ఏటేటా పూసిన నూనె అన్నారు నర్సింగరావు గారు. ఊళ్లో రాజవ్వ అనే ముసలామె ఒప్పుకోలేదు. సంఘం రోజుల్లో, అంటే దొరల మీద రైతులు తిరగబడ్డప్పుడు, తన తండ్రి ఆ తలుపుకు నిప్పు పెట్టాడని, జైలుకు పోయి తిరిగి రాలేదని ఆమె మాట.

"గది మసి గాదు సారూ, మా నాయిన పెట్టిన అగ్గి. దాన్ని తుడిసినవంటే మా నాయినను తుడిసినట్టే" అని గడప మీద కూర్చుంది.

ఆమెకు నచ్చజెప్పి లేపి, పైమూల తుడిచి చూశాను. దూది నల్లబడింది, కింద ఎర్రటి టేకు తేలింది. నర్సింగరావు గారి ముఖం వెలిగిపోయింది. రాజవ్వ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. నాకూ బాధేసింది, కానీ మసిని మసి కాదని ఎలా అనను?

మర్నాడు కింది పలకకు వచ్చేసరికి లెక్క తప్పింది. దూదికి ఎంత అంటినా నలుపు తరగదు. భూతద్దం పెట్టి చూస్తే, కర్రే బొగ్గయి సన్నగా పగుళ్లిచ్చి ఉంది. మసి పైనుంచి అంటుకునేది, ఇది కర్ర కాలిందే.

ఆ మాట చెప్పగానే నర్సింగరావు గారు ఇక చాలు, ఆపమన్నారు. "ఆపకు సారూ, మొత్తం తియ్యి" అంది రాజవ్వ. నిన్న ఎవరు తుడవమన్నారో, ఎవరు వద్దన్నారో నాకే తికమకైంది. ఎవరి మాట వినాలో పాలుపోలేదు. సగం తుడిచిన తలుపును వదలకూడదన్న మా నియమమే దిక్కయింది. పూర్తి చేశాను.

తీరా చూస్తే కాలిన మచ్చ చాటంతే. మిగతా తలుపంతా నిగనిగలాడే టేకు.

"గింతేనా?" అంది రాజవ్వ. తలుపంతా కాలిందని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెప్పుకున్న మనిషి. ఎవరో వెంటనే ఆర్పి ఉంటారన్నాను. అదీ నా ఊహే. ఆమె మచ్చ మీద చెయ్యి పెట్టి, "పెట్టిండా లేదా, గది చెప్పు" అని అడిగింది.

"నిప్పు తగిలిందవ్వా" అన్నాను. అంతకంటే నాకు తెలియదు.

"నాకు గది సాలు" అని లేచి వెళ్లిపోయింది.

నివేదికలో కాలిన గుర్తు ఉందని రాశాను, కారణం రాయలేదు. ఏది మసో, ఏది కాలిందో మా విద్య చెప్పగలదు. నిప్పు ఎవరిదో చెప్పలేదు, ఎవరెంత అడిగినా చెప్పకూడదు.