అక్కతో చూసిన మ్యాట్నీ

నా డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలకు నెల ఉందనగా అక్క కోహెడ నుంచి వచ్చింది. ఆమెకు పెళ్లయి అప్పటికి మూడేళ్లు. నా చదువు మధ్యలో ఆపొద్దని బాపుతో మాట్లాడతానని పోయినసారి మాటిచ్చి వెళ్లింది. బాపు ముందు నాకు నోరు పెగలదు. అక్క అడిగితే ఆయన కాదనడు.

మర్నాడు మధ్యాహ్నం, "మ్యాట్నీకి పోదాం పా. మా ఊళ్లె ఆడోళ్లందరు కండ్లు వాచేదాక ఏడ్చిన్రట" అంది. నా వెలిసిన ఓణీ విప్పించి పెళ్లికి ముందు తను వేసుకున్న నీలం ఓణీ వేసింది.

"సినిమాకు గింత ముస్తాబెందుకక్కా?"

"నీ పుస్తకాలు చూస్తయా నిన్ను? నడువు."

ఆడవాళ్ల వరుసలో నన్ను ఒక ఖాళీ కుర్చీ పక్కన కూర్చోబెట్టింది. సినిమా మొదలయ్యాక ఒక పెద్దామె వచ్చి అందులో కూర్చుంది. తెర మీద ఒక తల్లి, తన బిడ్డను పెంచుకుంటున్న వాళ్లింట్లోనే పనిమనిషిగా చేరింది. జ్వరంతో పడుకున్న బిడ్డ నుదుటి మీదికి చెయ్యి చాపి, ఎవరో వస్తున్న చప్పుడుకు వెనక్కి తీసుకుంది. నాకు దుఃఖం ఆగలేదు. ఇంటర్వెల్ లైట్లు వెలిగేసరికి ముఖం ఓణీలో దాచుకున్నాను.

అక్క ఓణీ లాగేసింది. "ఎవరు చూస్తరే? అందరు ఏడ్చెటోళ్లే." గడ్డం పట్టుకుని నా ముఖం పైకెత్తి కళ్లు తుడిచింది. ఎంత ప్రేమ అనుకున్నాను.

పెద్దామె ఇటు తిరిగి, "ఏం చదువుతున్నవు బిడ్డా?" అంది. మామూలుగా అయితే రెండు మాటల్లో ముగించేదాన్ని. ఆ రోజు మనసు మెత్తబడి ఉంది. ఆ తల్లి చెయ్యి వెనక్కి తీసుకోకుండా ఉండాల్సిందని కూడా చెప్పాను. ఆమె నవ్వి, "మోకాళ్లు గుంజుతున్నయ్, జర సోడా తెచ్చిస్తవా?" అంది. పరుగున తెచ్చిచ్చాను.

ఇంటికొచ్చాక వంటింటి గడప దగ్గరికి వెళ్లేసరికి లోపల అక్క గొంతు వినబడింది. అమ్మతో చెబుతోంది: "మా అత్త చెల్లెకు పిల్ల నచ్చిందమ్మా. నడక మంచిగున్నదట. ఏడ్చినా ముఖం ముద్దుగనే ఉన్నదట."

పిల్లకు తెలియకుండా జాతరలోనో సినిమాలోనో చూసిపోవడం మా వైపు కొత్త కాదు. అయినా లోపలికి వెళ్లి అడిగాను.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె తలకాయ ఎత్తుతవా నువ్వు? గందుకే చెప్పలే."

"బాపుకు నా చదువు సంగతి చెప్తనన్నవు గద?"

"పెండ్లయినంక చదువుకో. నాకు గాడ ఎవరున్నరే? ఆమె కొడుకును చేసుకుంటె ఒక్క ఊళ్లె ఉంటం గదా!"

ఆ మాట అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు జాలి కలగలేదు. నేను అక్క ఒక్కదాని ముందే ఏడ్చాననుకున్నాను. నా ఏడుపును కూడా బేరానికి పెట్టింది.

రాత్రి అన్నాల దగ్గర, అమ్మ సంగతి చెప్పాక బాపు, "వాళ్లకు ఏం చెప్పాలె బిడ్డా?" అన్నాడు.

"పరీక్షలు రాస్త బాపు. డిగ్రీ అయినంకనే ఏదైనా."

బాపు తినడం ఆపి అక్కను చూశాడు. "దీన్ని అడగకుండనే చేసినవా?" అక్క కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది. "సరె, రాయనీ" అన్నాడు.

పొద్దున అక్క వెళ్లిపోయింది. ఎప్పుడూ ఆమె సంచి మోసుకుంటూ బస్టాండు దాకా పోయేదాన్ని. ఆ రోజు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను. "పోతున్ననే" అని వాకిట్లో కొంచెంసేపు నిలబడింది. నేను తలెత్తలేదు.