అమావాస్య మందు

తిరుత్తణి దగ్గరి కే.జీ.కండిగైలో జయరామను చూసినవాళ్ళు తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి దండం పెట్టుకునేవాళ్ళు. పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో బావి మోటారు తనను తిడుతోందని దాన్ని రాళ్ళతో కొట్టినవాడు, రెండేళ్ళకల్లా మడక పట్టి దున్నుతున్నాడు మరి. వాళ్ళక్క వనజాక్షి అమావాస్య తప్పకుండా తిరువళ్ళూరు పోయి, వాడి తల జబ్బు పోవాలని తల బొమ్మ అచ్చుగుద్దిన రేకును హుండీలో వేసి వస్తుంది. ఆ పుణ్యమే అన్నారు.

వనజాక్షి అవునంది. రేకు మాట నిజమే. గుడి నుంచి స్టేషనుకు వచ్చే దారిలో ఒక డాక్టరు దగ్గర నెలకు సరిపడా మాత్రలు తీసుకునే మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. భర్త పోయి పుట్టింటికి చేరిన ఆమెకు ఉన్నది తమ్ముడొక్కడే. పిచ్చికి మందు తింటున్నాడని పేరు పడితే వాడికి పిల్లనెవరిస్తారు? జ్వరమొస్తే ఊరంతా చెప్పుకుంటాం, తలకొచ్చిన జబ్బుకు మాత్రం తలుపులేసుకుంటాం. ఇదెక్కడి న్యాయమో! రోజూ మాత్ర నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. స్వామి మందనుకునే వాడూ తాగేవాడు.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వనజాక్షి ఈ ఒక్కటే ఆడి కోకిలను మరదలిగా తెచ్చుకుంది. బంగారం లాంటి పిల్ల. మూడేళ్ళు ఆ ఇంట్లో నవ్వులు వినబడ్డాయి.

ఎనభై అయిదులో, అరవవాళ్ళ ఆషాఢమైన ఆడి నెలలో గట్టు మీద జారి వనజాక్షి కాలు విరిగింది. పుత్తూరు కట్టు వేయించారు. రెండు నెలలు మంచం దిగొద్దన్నారు. ఈసారి అమావాస్యకు తాను పోతానంది కోకిల, అయిదో నెల కడుపుతో. వనజాక్షి చెప్పాలని నోరు తెరిచింది. చెబితే ఈ పిల్ల మూట కట్టుకుని పుట్టింటికి పోతుందేమో. ఒక్క నెలకేమవుతుందిలే అనుకుని ఊరుకుంది. ఒక్కరోజు కూడా మందు ఆపొద్దని డాక్టరు చెప్పిన మాట గుర్తుండే ఊరుకుంది.

కోకిల భక్తిగా రేకు వేసి వచ్చింది. ఇంట్లో మాత్రలు అయిపోయాయి. జయరామకు నిద్ర పోయింది, తిండి పోయింది. భయపడిన కోకిల రెండో అమావాస్యకు రెండు రేకులు వేసింది. మూడో రోజు పొద్దున జయరామ తిరుత్తణి స్టేషనుకు నడిచిపోయి రైలెక్కాడు. పూలమ్మేవాళ్ళు చూశారు గానీ, ఎటు పోయే రైలో వాళ్ళకు గుర్తులేదు. మేనమామ వెంకటపతి అరక్కోణం, రేణిగుంట, మద్రాసు అంతా వెతికి ఒక్కడే తిరిగొచ్చాడు.

మళ్ళీ అమావాస్య వచ్చింది. ఏడో నెల కడుపుతో కోకిల రేకు కోసం బయలుదేరుతుంటే వనజాక్షి ఓర్చుకోలేకపోయింది. మంచం మీద నుంచే అంతా చెప్పేసింది.

కోకిల తిట్టలేదు. చేతి సంచి దించి గడప మీద కూర్చుంది.

"రెండు తూర్లూ ఆ డాక్టరు ఇంటి ముందరనే నడిచి పోతిని వదినా. కాళ్ళు లాగితే ఆ అరుగు మీదనే కూసుంటిని. ఒక మాట చెప్పింటే తెచ్చింటాను గదా."