కానాలో కనుకయ్య గుసగుస

భివండి నార్పోలిలో మరమగ్గాల, అక్కడి మాటలో సాంచాల, మధ్య ముసలివాళ్లయిన మగవాళ్లకు గుసగుసలాడటం చేతకాదు. పొద్దంతా ఆ చప్పుడులో పనిచేసి చెవులు మొద్దుబారిపోతాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకుంటారు. తాము మెల్లగా అన్నామనుకున్నది గల్లీ చివర చాయ్ బండి దాకా పోతుంది. చంద్రవ్వ మొగుడు కనుకయ్య అలాంటివాడే. ఆయన చెవిలో రహస్యం చెప్పడం కంటే మైకు పట్టుకుని చెప్పుకోవడం నయమని చంద్రవ్వే అందరి ముందూ ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి ఒకనాడు తన నెత్తినే పడుతుందని అనుకోలేదు.

మొగుడు అని లోకమంతా అనేది కాబట్టి మనమూ అందాం. అసలు సంగతి వేరు.

చిన్న వయసులోనే తాళి తెగి, చంద్రవ్వ కరీంనగర్ పక్క పల్లె నుంచి అన్న వెంట భివండి వచ్చింది. కనుకయ్య నడిపే సాంచాలకు నూలు కండెలు చుట్టేది. ఒక వానాకాలం ఆమె ఉండే ఒంటిగది ఖోలీ కురిసి పొయ్యి నానిపోయింది. బియ్యం కుండ తెచ్చి కనుకయ్య ఖోలీలో పెట్టింది. వాన వెలిసింది గానీ కుండ కదల్లేదు. దీపావళి వెళ్లాక పెండ్లి అనుకున్నారు. దీపావళికి కారఖానా మూతపడింది. అది తెరిచేసరికి కొడుకు స్వప్నిల్ కడుపులో పడ్డాడు. పిల్లవాణ్ణి చంకనేసుకుని పెండ్లిపీట ఎక్కితే నలుగురూ నవ్వరా? ఆ సిగ్గుకే ఊరుకుంది. శాంతి నగర్ గాజుల దుకాణంలో తానే నల్లపూసలు కొని మెడలో వేసుకుంది. మెడ చూశాక ఇంకెవరు అడుగుతారు?

అడిగినవాడు ఒక్కడే, పాస్టర్ ఆగయ్య. ప్రార్థన మందిరంలో కొత్తగా చేరిననాడు, పెండ్లి ఎక్కడ అయిందన్నాడు. "మా ఊరి చర్చిలనే అయ్యగారు" అని చంద్రవ్వ నోటికొచ్చింది అనేసింది. అన్నాక దాన్ని మోయక తప్పుతుందా? మోసీ మోసీ ఆ బరువే మరిచిపోయింది. ఏళ్లు గడిచేసరికి మందిరంలో ఆడవాళ్లకు ఆమే పెద్ద దిక్కు. ప్రభువు బల్ల నాడు, యేసు పేరిట అందరికీ రొట్టె పంచేటప్పుడు, పళ్లెం పట్టేదీ ఆమే.

స్వర్ణ అనే పిల్ల కొత్తగా వచ్చింది. సాంచాలు నడిపే పిల్లగాడొకడితో ఒకే ఖోలీలో ఉండేది, పెండ్లి లేదు. పళ్లెం తన ముందుకు రాగానే చేయి చాచింది. చంద్రవ్వ పళ్లాన్ని పక్కకు జరిపింది.

"నీకు గాదు బిడ్డ. ముందుగాల పెండ్లి జేస్కొని రా."

మందిరమంతా విన్నది. చాచిన చేయిని స్వర్ణ కొంగులో దాచుకుంది. తర్వాత పెండ్లి చేసుకుంది, రొట్టె తీసుకుంది, చంద్రవ్వ ముఖం మాత్రం మళ్లీ చూడలేదు.

రెండు వేల ఎనిమిదిలో మందిరం వాళ్లు కొందరు పాస్టర్‌తో కలిసి యేసు తిరిగిన నేల చూడబోయారు. స్వర్ణ, ఆమె మొగుడూ వాళ్లలో ఉన్నారు. అంజూర్ ఫాటాలో టెంపోలు నడిపించే స్వప్నిల్ అమ్మానాయనలను వాళ్ల వెంట పంపాడు. బెత్లెహేములో చంద్రవ్వ కండ్లొత్తుకుంది. గలిలయ సముద్రంలో పడవ ఎక్కినప్పుడు కనుకయ్య, "మన వరాల తలావ్ కంటె పెద్దగున్నదే!" అని భివండి చెరువుతో పోలిస్తే పడవంతా నవ్వింది. మరునాడు కానాకు పోయారు. పెండ్లి ఇంట్లో యేసు నీళ్లను ద్రాక్షారసం చేసిన ఊరది.

గుడిలోకి పోగానే పాస్టర్ చప్పట్లు కొట్టాడు. "ఆలుమగలందరు జంటలుగ నిలబడుండ్రి. ఈడికొచ్చినోళ్లు పెండ్లి ప్రమాణం మల్లొక్కసారి జేస్తరు. ఒకలనొకలు పేరు వెట్టి చెప్పాలె."

"అవ్వో! మొగని పేరు నోటితోని ఎట్ల జెప్తం అయ్యగారూ?" అని ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"దేవుని ముంగట సిగ్గేందమ్మా?"

అందరూ నవ్వుతుంటే చంద్రవ్వ గుమ్మం వైపు జరిగింది. నార్పోలిలో పాస్టర్‌తో అబద్ధమాడటం వేరు. యేసే పెండ్లి భోజనానికి వచ్చిన చోట నిలబడి ఆడటం వేరు. మోకాలు పట్టుకుంది. "నొప్పి లేస్తున్నది అయ్యగారూ. మేమిద్దరం బస్సుల కూసుంటం."

కనుకయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. తాను గుసగుసగానే అంటున్నాననుకున్నాడు.

"ఏమే, పాత అచ్చే లేదాయె. కొత్త బీము దేనికి అతుకుతరు?"

సాంచం మీద నూలు అయిపోవచ్చినప్పుడు, అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకే, కొత్త నూలు చుట్టిన బీము పోగులను అతుకుతారు. పాతవే లేకపోతే అతకడానికేముంది? గైడుకు ఆ మాట అర్థం కాలేదు. అసలు పెండ్లే కాలేదని నార్పోలి వాళ్లలో అర్థం కానివాళ్లు లేరు. వెనక ఎవరో కిసుక్కుమని, మళ్లీ నోరు మూసుకున్నారు.

"చంద్రవ్వా, ఏమంటున్నడు?" అన్నాడు పాస్టర్.

"చెవిటి ముసలోడు అయ్యగారూ. మతి లేదు. ఏదో వాగుతడు, ఇడిసిపెట్టుండ్రి."

కనుకయ్య ఆమె పెదవులే చూస్తున్నాడు. ఇన్నేళ్లుగా ఆయన చదివిన పెదవులు అవే కదా, ఒక్క ముక్క పొల్లు పోలేదు. బయటికి పోయి గుడి మెట్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు.

ప్రమాణాలు మొదలయ్యాయి. స్వర్ణ వంతు వచ్చింది. ఆమె తన మొగుడి వైపు చూడకుండా చంద్రవ్వ వైపు చూసింది. ఎన్నాళ్లకో చూసిన చూపు. అందులో కోపం లేదు, సంబరమూ లేదు. కుండ పగలగొట్టుకున్న పసిదాన్ని చూసినట్టు చూసింది. ఒక్క మాట దెప్పినా బాగుండేదనిపించింది చంద్రవ్వకు.

చంద్రవ్వ మోకాలి మీది చేయి తీసి, స్వర్ణ ఎదుటికి పోయి నిలబడింది.

"బిడ్డ, ఆయనకు మతి మంచిగనే ఉన్నది. మాకు పెండ్లి గాలే. నీ ముంగటికెల్లి పళ్లెం జరిపిన చెయ్యి గిదే." ఆ చేయి చాచింది.

స్వర్ణ పట్టుకోలేదు. "ఆ దినం నా చెయ్యి ఎట్లుండెనో ఇప్పుడు తెలిసిందా అత్తా?" అంది.

చంద్రవ్వ చాచిన చేయి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగులో చుట్టుకుంది.

తిరుగు దారిలో ఆమె ఏదో చెప్పబోయినప్పుడల్లా కనుకయ్య కిటికీ వైపు తిరిగాడు. పెదవులు చూసి వినేవాడు ముఖం తిప్పుకుంటే చెవులు మూసుకున్నట్టే. ఇంటికొచ్చాక సంగతి విన్న స్వప్నిల్, "నాకన్న చెప్పొద్దానే అమ్మా?" అన్నాడు.

ఒక ఆదివారం నార్పోలి మందిరంలోనే వాళ్లిద్దరికీ పెండ్లి పెట్టాడు పాస్టర్. కనుకయ్య ఆమెతో మాట్లాడకుండానే తెల్ల అంగీ తొడుక్కుని వచ్చి నిలబడ్డాడు. ఏ నవ్వుకు భయపడి అన్నేళ్లు దాచిందో ఆ నవ్వు రానే వచ్చింది. "నాయినమ్మకీ షాదీ!" అని మనుమరాలు సాక్షి అరిచింది. బల్లలన్నీ కిలకిలమన్నాయి. చంద్రవ్వ ముఖం నిండా కొంగు కప్పుకుని, ఆ చాటునుంచే ప్రమాణం గొణిగింది.

కనుకయ్య వంగి చూశాడు. ఆయన గుసగుస బయట గల్లీ దాకా వినిపించింది.

"కొంగు తియ్యవే. ఏమంటున్నవో కనవడ్తలేదు."

తీయక తప్పలేదు. తడిసి ఉబ్బిన ఆ ముఖాన్ని మందిరమంతా చూసింది. ముందు బల్ల మీద కూర్చున్న స్వర్ణ కూడా చూసింది. చంద్రవ్వ తల దించుకోబోయి, దించుకుంటే ఆయనకు వినపడదని గుర్తొచ్చి, ఎత్తింది.

"కనుకయ్య" అంది.

ఆయన ఆమె పెదవుల మీదినుంచి చూపు తీయలేదు.

"మల్ల జెప్పు" అన్నాడు.