ప్రార్థనల పేజీ

మార్కాపురంలో ఓ చిన్న చర్చి వెబ్‌సైటు చూసుకునేది సలోమి. ఏళ్ల తరబడి పలకల క్వారీ దుమ్ము పీల్చిన నాయన పక్కగదిలో దగ్గితే కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోతాయి. దగ్గు తగ్గాకే మళ్లీ కదులుతాయి. మొన్న ఎవడో ఆ సైటులో ప్రార్థన రాసే పెట్టెలో కోడ్ రాసి పంపాడు. పేజీ దాన్ని ఆజ్ఞలా పాటించి, అందరి మొరల మీదా జూదం ప్రకటన పరిచింది. సలోమి పేజీ కోడ్‌లో ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ అనే మాట తీసేసి, దాని చోట టెక్స్ట్ కంటెంట్ అని పెట్టింది. ఇక ఎవరేం రాసినా పేజీ ఉత్త అక్షరాలుగా చూపిస్తుంది, ఏదీ చేయదు.

సాయంత్రం మిరపకోత నుంచి వచ్చిన తల్లి మార్తమ్మ, మండే చేతులు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది.

"మీ నాయనకు ఊపిరాడేటట్టు చేయమని ప్రభువుకు రాయి పాపా."

సలోమి రాసింది. ఆ మాటలు తెర మీద కనబడ్డాయి.

"రాసినావా? ఇప్పుడేమైద్ది?"

"ఏం కాదమ్మా. రాసింది రాసినట్టు అట్లనే కనబడుద్ది."

"అంతేనా?"

"అంతే."

పక్కగదిలో దగ్గు మొదలైంది. మార్తమ్మ తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"అయితే ఇంకోసారి రాయి."

దగ్గు తగ్గలేదు. తగ్గేదాకా ఆగకుండానే సలోమి రాసింది.