తెడ్డు పాతినవాడి మాట

ఆ పీట ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. ఇది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు. దగ్గరుంటేనే వినపడుతుంది.

నేను రెండో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ చెవిన పడ్డది మాత్రం నాకు పోదు. మా ఊరి హైస్కూల్లో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండడం పద్నాలుగేళ్ళుగా నా పని. వంట షెడ్డుకీ తొమ్మిదో తరగతి కిటికీకీ మధ్య రెండడుగుల సందు. అక్కడ కూర్చుని కూరలు తరుగుతూ సోషలు మాస్టారు చెప్పినదంతా వినేదాన్ని. ఆయనది బొబ్బిలి వైపు. గ్రీసు దేశం పాఠమంటే ఆయనకు ప్రాణం. పుస్తకంలో రెండు పేజీలే ఉందట, ఆయన వారం చెప్పేవారు.

ఆ దేశంలో ఒక్కో ఊరూ ఒక్కో రాజ్యమట. స్పార్టా అనే ఊళ్ళో మగవాడు దున్నడు, కోయడు. యుద్ధం ఒక్కటే అతని పని. తిండి పండించేది వాళ్ళు గెలిచి లొంగదీసుకున్న పక్క ఊళ్ళ జనం. అంతమంది జనం ఎప్పుడు తిరగబడతారోనన్న భయంతోనే వాళ్ళు ఏడాది పొడుగునా కత్తి నూరుకునేవారట. ఇక ఏథెన్సు సముద్రం ఊరు. మొదట్లో కంచు డాలు, కంచు టోపీ కొనుక్కోగలిగినవాడే సైనికుడు, సభలో వాడి మాటే మాట. తర్వాత ఆ ఊరు ఓడలు కట్టింది. వెండి గనుల్లో బానిసలు తవ్విన వెండితో కట్టింది. మూడు వరుసల తెడ్ల ఓడలు. వాటిని నడపడానికి డాలు అక్కర్లేదు, భుజాలు చాలు. పొలం లేనివాడు, పేదవాడు తెడ్డు వేశాడు, ఊరిని గెలిపించాడు. అప్పటినుంచి వాడి మాట వినక తప్పింది కాదు.

అది విన్నప్పుడు నా చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. అది మా ఊరి కథే కదా అనిపించింది.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం ఒడ్డు. నా పెళ్ళినాటికి మా ఊళ్ళో ఇంజన్లు లేవు. నావకు ఆరుగురు తెడ్లు వేసేవారు. ఊరి సభ పెడితే రామమందిరం ముందు ఇసకలో ఎవరి తెడ్డు వాళ్ళు పాతుకుని కూర్చునేవారు. ఊరి పెద్ద అడిగినదానికి ఒప్పుకుంటే తెడ్డు పడుకోబెట్టాలి. ఒప్పుకోకపోతే నిలబెట్టి ఉంచాలి. నావ గల ఆసామికీ ఒకటే తెడ్డు, కూలివాడికీ ఒకటే తెడ్డు. మా ఆయన వలలు సర్దుకుని వచ్చేలోగా మంచి చోటు పోతుందని, ఆయన తెడ్డు నేనే మోసుకెళ్ళి పాతి వచ్చేదాన్ని.

తర్వాత ఫైబరు బోట్లు వచ్చాయి, ఇంజన్లు వచ్చాయి. తెడ్డు వేసేవాడి అవసరం తీరిపోయింది. తెడ్లు బట్టలారేసే దండేలకు గుంజలయ్యాయి. సభలో ఇసక పోయి కుర్చీలొచ్చాయి. కుర్చీలు బోట్లున్న వాళ్ళకే. మిగతా మగవాళ్ళు మా ఆయనలాగే గుజరాతు బోట్ల మీద కూలికి పోయి ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే ఉంటారు.

మగవాళ్ళు లేని ఆ ఎనిమిది నెలలూ ఊరిని బతికించేది ఒడ్డున చేపలు ఎండబెట్టే ఇసక. నెత్తళ్ళు, కవళ్ళు లాంటి చిన్న చేపలు అక్కడ పరిచి ఎండబెట్టి నరసన్నపేట సంతకు మోసుకెళ్ళి అమ్ముతాం. ఊళ్ళో సగం పొయ్యిలు దాని మీదే వెలుగుతాయి. పోయిన ఏడాది రొయ్యపిల్లల కంపెనీ ఒకటి వచ్చి, సముద్రం నీటికి గొట్టాలు వేసుకోవడానికి సరిగ్గా ఆ ఇసకే కావాలంది. బోట్ల ఆసాములకు జెట్టీ కట్టిస్తామంది. సభ పెట్టారు.

ఆ పొద్దు మా ఒదిన, నేను చేపలు తిరగేస్తున్నాం.

"మనల్ని పిలవరేటే?" అంది.

"ఎవులు పిలుస్తారప్పా? మనమే ఎల్దాం. మా తెడ్డున్నాది కదా."

"నీకు పిచ్చెక్కినాదే. తెడ్డట్టుకెల్తే నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. తెడ్డున్నోడికి మాటున్నాది. పాత ఆనవాయితీ."

దండెం నుంచి బట్టలు తీసేసి తెడ్డు పీక్కుని వెళ్ళాను. నా వెనకాల ఇరవై మంది దాకా ఆడవాళ్ళు వచ్చి గోడ వార నిలబడ్డారు. కుర్చీల ముందున్న ఇసకలో తెడ్డు పాతాను. మూడు బోట్ల ఆసామి, నాకు మరిది వరస, డిగ్రీ చదివినవాడు, నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"ఏటొదినా, తెడ్డట్టుకొచ్చినావు? సముద్రం మీ ఇంట్లోకి గానీ వచ్చీసినాదేటి?"

"మాట సెప్పడానికొచ్చినాను మరిదీ. మా ఇంటి తెడ్డు నిలబడే ఉంటాది. ఇసక ఇయ్యడానికి మేం ఒప్పుకోం."

ఊరి పెద్ద నాకు మావ వరస. ఒకప్పుడు మా ఆయనతో ఒకే నావలో తెడ్డు వేసినవాడు. ఆయన తల గోక్కున్నాడు. "తెడ్డుకి రోజులెల్లిపోనాయే కోడలా."

"తెడ్డెల్లిపోతే మాట కూడా ఎల్లిపోతాదేటి మావా? ఏథెన్సని ఊరొకటున్నాది. అక్కడా డాలున్నోడే పెద్దమనిషి. సివరికి ఊరిని కాసిందెవులు? తెడ్డేసిన పేదోడు. అందుకే ఆడికి సబలో మాటిచ్చినారు. తెడ్లేసి ఈ ఊరిని అన్నాళ్ళు మోసినోళ్ళు మీరు కాదేటి? ఇప్పుడు మగోళ్ళు గుజరాతెల్తే మోస్తన్నది మేం కాదేటి?"

వెనక నుంచి ఒక ముసలాయన "నిజిమే కదరా" అన్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఆ ఒక్క క్షణం ఇసక మాకు దక్కిందనే అనుకున్నాను.

మరిది కుర్చీలో ముందుకు వంగాడు. "ఆ మాస్టారి దగ్గరే నానూ సదివినాను ఒదినా. పాఠం సివర ఏటున్నాదో సెప్పు మరి."

నాకు తెలియదు.

"నాను సెప్తాను సూడు. ఆ ఏథెన్సులో బానిసకి మాట లేదు. పైఊరోడికి లేదు. ఆడదాన్నయితే సబ గడప తొక్కనిచ్చీవోరు కాదు. నువ్వు తెచ్చిన ఊరి సట్టమే సెప్తన్నాది, నువ్వెల్లి పొయ్యి సూసుకోవాలని."

గొల్లుమన్నారు. గట్టిగా నవ్వింది కుర్చీల్లో వాళ్ళు కాదు, తెడ్లు వేసి వేసి అరచేతులు కాయలు కాసిన ముసలివాళ్ళు. ఇందాక నిజమే అన్న ముసలాయన కూడా నవ్వాడు. మావ వచ్చి నా తెడ్డు పీకి నేల మీద పడుకోబెట్టాడు. అంటే మా ఇల్లు ఒప్పుకున్నట్టు.

మర్నాడు బడిలో మాస్టారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా. ఏటా చెప్తాను. పీరియడు చివర్లో చెప్తాను."

పీరియడు చివరంటే నేను పొయ్యి దగ్గరికి పరిగెత్తి గంజి వార్చే వేళ. పద్నాలుగేళ్ళు సగం పాఠమే విన్నాను. దానికి ఏడవలేదు నేను. ఏడుపొచ్చింది మరో సంగతికి. మా పాత సభ ఎంత ధర్మంగా ఉండేదో అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను కదా, ఆ సభలో ఒక్క ఆడమనిషి తెడ్డయినా ఉండేదా? పాతేదాన్ని నేనే, పాతి ఇంటికొచ్చేసేదాన్ని. లోపల ఏం మాట్లాడుకున్నారో మా ఆయన చెప్తేనే తెలిసేది. అది నాకెన్నడూ వింతగా తోచలేదు. మరిది నన్ను ఓడించడానికి అంత దూరం ఏథెన్సు దాకా పోనక్కర్లేదు, మా సంగతే చెప్పినా సరిపోయేది. నా మీద జాలిపడి చెప్పలేదో, వాడికీ తట్టలేదో.

నెల తిరక్కుండా ఇసక చుట్టూ కంచె వేశారు. ఇప్పుడు మేం తారురోడ్డు అంచున ఎండబెడుతున్నాం. లారీ వచ్చినప్పుడల్లా లేచి చేటలతో దుమ్ము విసురుకోవాలి. తారు వాసన పట్టిన చేపను సంతలో ముక్కు దగ్గర పెట్టుకుని చూసి వదిలేస్తారు. ఒదిన సంతకు రావడం మానేసి ఆ కంపెనీలోనే తొట్లు కడుగుతోంది. చెప్పులు బయట విడిచి, పేరు అడిగితే పలికి, లోపలికి వెళ్తుంది. ఆ జెట్టీ ఇంకా కట్టలేదు.

సభ జరిగిన మూడో రోజు గుజరాతు నుంచి మా ఆయన ఫోను చేశాడు. ఎవరో సంగతి చేరేశారు ఆయనకు. ఇసక పోయిందని చెప్పబోయాను.

"అది సరేలే. నన్నడగకుండా నా తెడ్డెందుకు ముట్టుకున్నావే? నలుగురిలో నా పరువు తీసీసినావు."

ఇరవై ఏళ్ళు ఆ తెడ్డు మోసిన భుజం ఇది. ఫోను పక్కన పెట్టేసి చేపలు తిరగేయడానికి వెళ్ళిపోయాను. ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు, మీ ఇల్లు పచ్చగా ఉండాలి. మీ పిల్లలు కడుపునిండా తిని నిద్రపోవాలి. మీ ఇంట్లో పనిచేసే ఏ చేతికైనా, నీకేం కావాలని ఒక్కసారి అడిగేవాళ్ళుండాలి.