గద్ద ఏరిన కోళ్లు

అది 2016. తిరుమలగిరి దగ్గర ఒక పల్లెలోని పశువుల దవాఖానలో లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. అంటే టీకాలు వేసేవాణ్ణి, కట్లు కట్టేవాణ్ణి. డాక్టరు గారు పక్క ఊరికి వెళ్లిన రోజు నేనే డాక్టర్ని.

ఆ రోజుల్లోనే గద్దకు కనబడని కోడిని తయారు చేశాను. నమ్మరు కదా? ఊరంతా నమ్మింది.

ఆ ఊళ్లో కూలికి పోయే లచ్చమ్మ ఇంటి వెనక ఎర్రమట్టి దొడ్డి. ఆమె కోళ్లలో తెల్లవి, నల్లవి, మట్టిరంగువి అన్నీ ఉండేవి. కూలి దొరకని నెలల్లో అవే ఆమెకు ఆధారం. కోడిపిల్లల్ని పుట్టిన వారానికే గద్ద తన్నుకుపోయేది.

"సారూ, ఈసారి గిట్లనే అయితే ఉన్నయన్నీ కోసుకొని తిని, గంపలు పొయ్యిల పెడ్త," అంది.

"జర ఆగు లచ్చమ్మా. నా దగ్గర ఒక మందున్నది. గద్ద కండ్లకు మసకలు కమ్ముతయ్."

ఇచ్చింది నీళ్లలో కలిపే మామూలు విటమిన్ టానిక్. కోడిపిల్లలకు బలమే, గద్ద కళ్లకు దాంతో ఏ సంబంధమూ లేదు.

మూడేళ్లకు దొడ్డి నిండా కోళ్లు! గద్ద పైన తిరిగి తిరిగి మెడనొప్పితో పోతోందని నేనే ప్రచారం చేశాను. ఊరివాళ్లు మీటింగు పెట్టి శాలువా కప్పారు. తల వంచి కప్పించుకున్నాను.

అంతలో లచ్చమ్మ సీసా కోసం వచ్చింది. హుజూర్‌నగర్ దగ్గరుండే ఆమె చెల్లెలు నా మందును నమ్మి, కూలి మానేసి, నలభై కోడిపిల్లలు తెచ్చిందట. అన్నీ తెల్లవే. సీసా అందించబోతుంటే నా చేయి ఆగిపోయింది.

"లచ్చమ్మా, గీ మందు తాగినా గద్ద ఎత్కపోతది."

"మరి నా కోళ్లెట్ల మిగిలినయ్?"

ఆమె దొడ్డికే వెళ్లి చూపించాను. తెల్లదీ లేదు, నల్లదీ లేదు. అన్నీ మట్టిరంగువే.

"ఏ కోడీ రంగు మార్చుకోలె. తెల్లవి, నల్లవి గీ ఎర్రమట్టి మీద గద్దకు దూరంకెళ్లే కనబడ్డయ్, పోయినయ్. మట్టిల కలిసిపోయినయి బతికి, పెద్దగయి, గుడ్లు పెట్టినయ్. వాటి పిల్లలకు వాటి రంగే వచ్చింది. గద్ద మల్ల వచ్చింది, మల్ల ఏరింది. మీ చెల్లె కాడ అన్నీ తెల్లవేనాయె. మిగలడానికి మట్టిరంగుది ఒక్కటన్న ఉండాలె గద!"

తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.

"అంటే కోళ్లను ఏరింది గద్ద, శాలువ మీకా సారూ?"

చెల్లెలికి మట్టిరంగు కోళ్ల గుడ్లు ఒక గంపెడు పంపింది. తెల్లపిల్లల మీదకు పాత వల ఒకటి నేను పట్టుకెళ్లాను. వల కింద అవి పెరిగాయి, అమ్ముడయ్యాయి, ఇప్పుడు చెల్లెలి దొడ్డిలోనూ మట్టిరంగువే తిరుగుతున్నాయి. సంగతి చెబితే డాక్టరు గారు నవ్వి, "దీన్నే నేచురల్ సెలెక్షన్ అంటారయ్యా, ప్రకృతివరణం," అన్నారు.

నాకు తెలిసొచ్చింది ఇంతే: మన మందు పనిచేసిందని చెప్పుకునే ముందు, మిగిలినవాటినే కాదు, పోయినవాటినీ చూడాలి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మీటింగు అంటే లచ్చమ్మ అరుగు మీద ఐదుగురు. శాలువా అంటే కొత్త తువ్వాల. ఆ పాత వలకు చిరుగుంటే, ఆ తువ్వాలనే అడ్డంగా కుట్టాం. గద్దను నిజంగా ఆపిన నా సామాను అదొక్కటే.