కుప్పం కాలనీలో ఆవుకు చోటు

1983 ఫిబ్రవరి 10, గురువారం. ప్రయాణంలో ఉన్నవారు: నేను, నా భార్య సరోజమ్మ, పుంగనూరు నుంచి మునెమ్మ.

మదనపల్లెలో ఉదయం ఏడింటి బస్సు ఎక్కాం. కుప్పంలో ప్రభుత్వ ఇళ్ల పనులు చూసే ఓవర్సీయరు శంకరప్ప నా చెల్లెలి కొడుకు. వాడి బిడ్డను చూడడానికి ఈ ప్రయాణం. పుంగనూరులో ఇడ్లీ వేడిగా దొరికింది. అక్కడే మునెమ్మ ఎక్కి మా పక్కన కూర్చుంది. తన ఆవును ఉంచుకోమని చౌడేపల్లెలో తమ్ముణ్ణి అడిగి, కాదనిపించుకుని కుప్పానికి తిరిగి వెళ్తోంది.

"వానకు గుడిసె పడిపాయె. సంతకాడ రేకుల కింద నేనూ ఆవూ పండుకుంటాండాము. ఇప్పుడు గవర్నమెంటు ఇల్లొచ్చిందప్పా. నాకు తావుండాది, దానికే లేదు. రేపటికి ఆ ఇంట్లో దిగకపోతే ఇంగొకరికి ఇచ్చేస్తారంట."

"ఆవును అమ్మేయరాదా?" అంది సరోజమ్మ.

"మొగుడు పోయినాక నన్ను సాకింది అదే తల్లీ. ఇంటిని అమ్మమంటే సెప్పు, అమ్మేస్తా."

వెనక సీటువాళ్లు నవ్వారు.

మా పల్లెల్లో పశువును ఇంటి ముందుభాగంలోనే కట్టుకుని మనుషులు లోపల పడుకుంటారు. ఈ ప్రభుత్వ ఇళ్లకు ఢిల్లీ నుంచి వచ్చిన ప్లానులో ఆ భాగం లేదు. ఒక గది, వంటిల్లు, గోడలేని వరండా. వరండాలో కడితే దొంగలు తోలుకుపోతారని మునెమ్మ భయం.

వి.కోటలో టీ తాగి మధ్యాహ్నానికి కుప్పం చేరాం. భోజనాల దగ్గర శంకరప్పకు ఆమె సంగతి చెప్పాను.

"తెలుసు మామా. రేపు పైనుంచి తనిఖీకి వస్తాండారు. ప్లాను మార్చి గోడ కడితే కాలనీ మొత్తానికి డబ్బు ఆపేస్తారు." అన్నం కలుపుతూ మళ్లీ అన్నాడు, "ఇంటిని ముట్టుకుంటేనే గదా తప్పు. జేనెడు ఎడం ఇడిసి, సేనుకు నాటినట్టు బండలు నాటిస్తే?"

ఇటువైపు చేలకు కంచెగా రాతి పలకలను నిలువునా పాతుతారు. సాయంత్రం మునెమ్మ ఇంటి వరండా చుట్టూ మనిషెత్తు పలకలు పాతించి, తాళం వేసుకునే తడిక పెట్టించాడు. ఆవు పుంగనూరు పొట్టి జాతిది కాబట్టి ఆ చోటు సరిపోయింది. మునెమ్మ మాత్రం లోపలికి పోలేదు. "రేపు తనిఖీకొచ్చే ఆయప్ప పీకేయమంటే?" అని ఆవు పక్కనే పడుకుంది.

మరునాడు ఉదయం తనిఖీ అధికారి వచ్చి గోడలూ వాకిలీ టేపుతో కొలిచాడు. అన్నీ ప్లాను ప్రకారమే ఉన్నాయి. పలకల సందులోంచి ఆవు మూతి చాచింది.

"ఇదేమిటి?"

"కంచె సార్. ఇంటికి తగల్లేదు," అన్నాడు శంకరప్ప.

అధికారి గోడకూ బండకూ మధ్య చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత మునెమ్మను అడిగాడు, "పాలిస్తుందా?"

"ఇస్తాది సామీ. ఉండమంటే ఇంట్లో పొంగిస్తా."

"పొంగించమ్మా."

అప్పుడు ఆమె మొదటిసారి గడప దాటింది. పాలు పొంగాక ఆయనతో సహా అందరికీ తలా ఒక గ్లాసు ఇచ్చింది.

ఆ రుచి నోట్లో ఉండగానే మదనపల్లె బస్సు ఎక్కాం. ఢిల్లీకి మా ఆవుల సంగతి తెలియకపోవచ్చు. ఆ గోడలకు డబ్బు పంపింది మాత్రం ఢిల్లీయే. ఆ డబ్బుకూ, శంకరప్ప వదిలిన జేనెడు సందుకూ కలిపి దారిలో దణ్ణం పెట్టుకున్నాను.